కుడివైపు డ్రమ్ములు

కృష్ణకాంత్ మాస్టారి కుడిచెవి పోయిన సంగతి ఆయనకి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ జబ్బుకి మొదటి వారంలో మందు పడితే వినికిడి తిరిగొచ్చే ఆశ బాగానే ఉంటుందట. రోజులు గడిచేకొద్దీ ఆ ఆశ తరిగిపోతుందట. ఆ రోజులన్నీ ఈయన ఏం చేశాడయ్యా అంటే, ఒక రికార్డు మీద తగువు పెట్టుకుని కూర్చున్నాడు. చెప్తుంటేనే ఒళ్ళు మండుతుంది. రికార్డుల పిచ్చివాళ్ళని ఎరిగినవాళ్ళు మాత్రం ఇందులో ఆశ్చర్యపడేదేమీ లేదంటారు.

ఆయన తెనాలిలో హైస్కూలు పిల్లలకి ఫిజిక్స్ చెప్తాడు. ఆయనకి ఇద్దరు జతగాళ్ళు. ఒకరు బాపట్లలో భరద్వాజ, వ్యవసాయ కళాశాలలో మట్టి గురించి పాఠాలు చెప్పే మనిషి. రెండోవాడు రేపల్లెలో నాగేంద్రబాబు, నిజాంపట్నం రేవులో సొంత బోట్లున్న చేపల వ్యాపారి. ముగ్గురూ ఒక పంక్తిలో కూర్చుని భోంచేస్తే ఒక్క కూర విషయంలో కూడా ఏకాభిప్రాయం కుదరదు. అలాంటి ముగ్గురినీ ఒక తాటి మీదకి తెచ్చినవి నల్లటి ఎల్పీ రికార్డులు.

విదేశంలో ఒక రికార్డు క్లబ్బు ఉంది. పాతకాలపు అమెరికన్ జాజ్, సోల్ సంగీతం రికార్డులని అసలు టేపుల నుంచి మళ్ళీ అచ్చు వేసి, నెలకొకటి చొప్పున సభ్యులకి పంపుతుంది. వీటిని రీఇష్యూలంటారు. ముగ్గురూ కలిసి ఒకే సభ్యత్వం తీసుకున్నారు గనక నెలకి వచ్చేది ఒకే రికార్డు. దానికి వీళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. రికార్డు మొదటి వారం తెనాలిలో, రెండో వారం బాపట్లలో, మూడో వారం రేపల్లెలో ఉంటుంది. ఆ తరువాతి ఆదివారం ఎవరో ఒకరింట్లో ముగ్గురూ కలిసి, మధ్యలో ఆ రికార్డు పెట్టుకుని వాదించుకుంటారు. దాని గురించి ఎవడు బాగా వాదిస్తే రికార్డు వాడిది. చీటీలు వేయడం లేదు, వంతులు లేవు. అచ్చు బాగాలేదనుకుంటే క్లబ్బుకి తిప్పి పంపొచ్చు, కానీ ముగ్గురూ ఒప్పుకోవాలి.

ఆ వాదనలు వినడానికి వాళ్ళ భార్యలు కూడా వంటింటి గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు. భరద్వాజది సోల్ పక్షం. జాజ్ వాయించేవాళ్ళు వాయిస్తూ వాళ్ళని వాళ్ళే మెచ్చుకుంటారని, సోల్ పాడే మనిషి మాత్రం ఎదుటివాడి కళ్ళలోకి చూసి పాడుతుందని అతని వాదం. కృష్ణకాంత్ జాజ్ పక్షం. ఏడుపుని ఎవరైనా అమ్మగలరని, ఆలోచనని వినిపించడం కష్టమని ఆయనంటాడు. నాగేంద్రబాబు రెండూ వింటాడు, ఇద్దరినీ ఎగదోస్తాడు. ఎంత వాదించుకున్నా అచ్చు మంచిచెడ్డల దగ్గరికి వచ్చేసరికి చివరి మాట కృష్ణకాంత్‌దే. టేపు నుంచి తీశారో, కంప్యూటర్‌లోకి ఎక్కించి తీశారో ఆయన మొదటి పాట సగంలోనే చెప్పేసేవాడు. తరవాత విచారిస్తే అదే నిజమయ్యేది. మిగతా ఇద్దరూ ఆయన చెవిని కాటా అనుకునేవాళ్ళు, ఆయనా అదే అనుకునేవాడు. స్కూల్లో హెడ్మాస్టరు కాలేకపోయాడు, సొంతిల్లు కట్టుకోలేకపోయాడు, కానీ చెవి ఉంది. ఆ ఒక్కదాని మీదే ఆయన తలెత్తుకు తిరిగేవాడు.

ఆ నెల వచ్చింది జాజ్ రికార్డు. నలుగురి బృందం, అరవైల నాటిది. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో వాయిద్యాలని గట్టిగా విడదీసి పెట్టేవాళ్ళు. పెళ్ళిపందిట్లో సన్నాయి ఆయన ఈ కొసన, డోలు ఆయన ఆ కొసన కూర్చున్నట్టు, ఈ రికార్డులో సాక్సఫోన్ పూర్తిగా ఎడమ స్పీకర్లో, డ్రమ్ములు పూర్తిగా కుడి స్పీకర్లో ఉంటాయి.

ఆ ఉదయం తలంటు పోసుకుని వచ్చి కూర్చున్నాడు కృష్ణకాంత్. కుడిచెవిలో దూది కుక్కినట్టుంది. నీళ్ళు పోయాయనుకుని తల వంచి రెండుసార్లు కొట్టుకున్నాడు. చెవిలో సన్నటి ఈల మొదలైంది. అది ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేక ఆంప్లిఫయర్ చేసే గోల అనుకున్నాడు. రికార్డు పెట్టాడు. సాక్సఫోన్ తేనెలా వచ్చింది. డ్రమ్ములు మాత్రం దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు వచ్చాయి. డ్రమ్ముల పక్కన నిలబెట్టే ఇత్తడి తాళాల మీద పుల్ల తగిలినప్పుడు వచ్చే ఆ మెరుపు అసలు లేనేలేదు.

ఇంకో రికార్డు పెట్టాడు, అదీ అంతే. అప్పుడాయన భూతద్దం తీసి ప్లేయరు ముల్లు చూశాడు. ముల్లు కాస్త పక్కకి ఒరిగినట్టనిపించింది. కొత్త రికార్డు అంచు పైకి లేచి ఉంది. ఇంకేముంది, సంగతంతా ఆయనకి అర్థమైపోయింది. చెత్త అచ్చు, అంచు వంకర, ఆ వంకర తగిలి ముల్లు పాడైంది, పాడైన ముల్లుతో ఇక ఏ రికార్డూ సరిగా పలకదు. ఫిజిక్స్ మాస్టారు గదా, కారణం దొరికాక ఇంకో కారణం కోసం వెతకలేదు. తన పిల్లలు అలా చేస్తే మార్కులు కోసేవాడు.

పాడైన ముల్లు పెడితే రికార్డు గాడులు అరిగిపోతాయి. అందుకని రికార్డులు దాచుకునేవాడెవడూ ఆ పని చెయ్యడు. కృష్ణకాంత్ ప్లేయరు మీద గుడ్డ కప్పేసి, కొత్త ముల్లు తెప్పించమని చెన్నైలో తెలిసినవాడికి చెప్పి, అది వచ్చేదాకా పాట ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టే ఆయన కొంప ముంచింది. రోజూ పాట విని ఉంటే ఏదో ఒక నాడు అనుమానం వచ్చేది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే చెవి పనిచేస్తోందో లేదో ఎవరికి తెలుస్తుంది?

భార్య వాగ్దేవికి కొద్దిగా తెలిసింది. కుడిపక్క నుంచి పిలిస్తే పలకడం లేదు. అలిగాడేమో అనుకుంది మొదట. తరవాత టిఫిన్ పెడుతూ, ఒకసారి చెవి చూపించుకోకూడదా అంది. జలుబని చెప్పాడు. క్లాసులో కుడివైపు బెంచీ నుంచి పిల్ల ఎవరో ప్రశ్న అడిగితే ఎడమవైపు చూసి జవాబు చెప్పాడు, పిల్లలు నవ్వారు. దానికీ జలుబే కారణమన్నాడు. ఈల ఆగకపోతే ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఎర్తింగ్ తవ్వించాడు. చెవి దిబ్బడని ఒక మూల, రికార్డు దోషాన్ని ఇంకో మూల పెట్టుకుని, రెంటినీ కలిపి చూడనే లేదు.

రెండో వారంలో బాపట్ల నుంచి భరద్వాజ ఫోన్ చేశాడు. రికార్డు దివ్యంగా ఉందన్నాడు. తను సోల్ మనిషినైనా ఈ డ్రమ్ములు విని మనసు మార్చుకునేలా ఉన్నానన్నాడు. కృష్ణకాంత్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను ఆయనెప్పుడూ ఎడమచెవికే పెట్టుకుంటాడు, అందుకని ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

"డ్రమ్ములా? ఎక్కడున్నాయవి? పైన మెరుపంతా కోసి పారేస్తే నీకు దివ్యంగా ఉందా?"

ఉందండి మాస్టారూ, తాళం పుల్ల చప్పుడు కూడా వినపడుతోంది అన్నాడు భరద్వాజ మెల్లగా.

"మట్టి పిసుక్కునేవాడికి చెవులెందుకులే. ఇన్నాళ్ళూ నా మాట వెనకాల నడిచావు గనక నీకూ చెవులున్నాయని అందరం అనుకున్నాం."

సరే మాస్టారూ, ఉంటానని భరద్వాజ ఫోను పెట్టేశాడు. కృష్ణకాంత్‌కి తప్పు చేశానని ఆ క్షణమే తెలిసింది. తెలిసినా మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. తాను చెప్పింది తప్పని ఒప్పుకుంటే తనకంటూ మిగిలేదేముంది? పైగా నాగేంద్రబాబుకి ఫోన్ చేసి, రికార్డు చేతికందగానే జాగ్రత్తగా వినమని, ముల్లు పాడవుతుందేమో చూసుకోమని హెచ్చరించాడు. ముగ్గురూ ఒప్పుకుంటేనే తిప్పి పంపొచ్చు గదా. ఆయనకి ఇప్పుడు కావలసింది పాట కాదు, గెలుపు.

కలుసుకోవలసిన ఆదివారం రేపల్లెలో. కృష్ణకాంత్ తెనాలి నుంచి రేపల్లె బండెక్కాడు. బండిలో చప్పుడంతా ఎడమవైపు నుంచే వస్తుంటే, కిటికీ ఎడమన ఉంది గనక అనుకున్నాడు. మనిషి అనుకోదలుచుకుంటే ఏదైనా అనుకోగలడు.

నాగేంద్రబాబు ఇంట్లో మేడమీద గది పాటలకే వేరుగా ఉంది. అతని భార్య పావని పీతల పులుసు వండింది, పీతలు తినని స్నేహితులిద్దరికీ వేరే పప్పూ వేపుడూ చేసింది. భరద్వాజ అప్పటికే వచ్చి ఉన్నాడు. నమస్కారం చేశాడు గానీ ఎదురుగా చూడలేదు. ముగ్గురూ స్పీకర్లకి ఎదురుగా వరసగా కూర్చున్నారు. నాగేంద్రబాబు రికార్డు తుడిచి ముల్లు దించాడు.

కృష్ణకాంత్ కళ్ళు మూసుకున్నాడు. సాక్సఫోన్ వచ్చింది. డ్రమ్ములు రాలేదు. వచ్చినా అదే దుప్పటి కిందనుంచి. ఇది వేరే ముల్లు, వేరే ఆంప్లిఫయరు, వేరే గది. ఇక సందేహం లేదు, దోషం రికార్డుదే. ఆయన మనసులో ఒక వికారమైన సంతోషం పొంగింది. చూశారా, చూశారా అని రెండుసార్లు అన్నాడు. తరవాత గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. ఈ రీఇష్యూలన్నీ ఇంతేనని, పేరుకి అసలు టేపు అంటారు గానీ పై స్వరాలన్నీ గొరిగేసి అమ్ముతున్నారని, మనలాంటివాళ్ళు నోరు మూసుకుంటే రేపు రేకుడబ్బా చప్పుడు పంపుతారని. అరవై ఏళ్ళ కిందట ఒక మనిషి ప్రాణం పెట్టి వాయించిన డ్రమ్ములని మట్టిలో పాతేశారన్నాడు. నిజంగానే ఏదో చచ్చిపోయినట్టు మాట్లాడాడు.

నాగేంద్రబాబు, భరద్వాజ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి డ్రమ్ములు గదిలో ఎదురుగా వాయిస్తున్నట్టు వినపడుతున్నాయి. కానీ ఇరవై ఏళ్ళ స్నేహం. ఈ మనిషి ఎందుకిలా అయిపోయాడో తెలియదు, ఇంకో మాటంటే విరిగిపోయేలా ఉన్నాడు. ముందు నోరు విప్పింది భరద్వాజే.

"మీరు చెప్పారంటే అంతేనండి మాస్టారూ. మీ చెవికి మించింది మాకేం ఉంది? తిప్పి పంపేద్దాం."

నాగేంద్రబాబూ తలూపాడు. కృష్ణకాంత్ గెలిచాడు.

గెలిచాక కూర్చోబుద్ధి కాలేదు. పావని కిందనుంచి భోజనాలకి రమ్మని కేకేసింది. చేతులు కడుక్కుందామని లేచి, స్పీకర్లకి వీపు పెట్టి గుమ్మం వైపు తిరిగాడు. రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది.

డ్రమ్ములు వినిపించాయి.

పుల్ల తాళం మీద పడే చప్పుడు, దాని వెనకాల సాగే మెరుపు, చిన్న డ్రమ్ము మీద సన్నటి తీగల కుంచె రాసుకునే శబ్దం, అన్నీ ఎడమచెవిలోకి వచ్చి పడ్డాయి. ఇప్పుడు సాక్సఫోన్ దుప్పటి కప్పుకుంది. ఆయన గిర్రున స్పీకర్ల వైపు తిరిగాడు. డ్రమ్ములు పోయాయి, సాక్సఫోన్ వచ్చింది. మళ్ళీ గుమ్మం వైపు తిరిగాడు. డ్రమ్ములు. రికార్డు మారలేదు, ముల్లు మారలేదు. తిరిగింది తానొక్కడే.

ఎడమచెవిలో వేలు గట్టిగా పెట్టి నొక్కుకున్నాడు. గది మాయమైంది. సాక్సఫోన్ లేదు, డ్రమ్ములు లేవు, ఎదురుగా నిలబడి నోరు కదుపుతున్న నాగేంద్రబాబు మాట లేదు. ఎర్తింగ్ తవ్వినా పోని ఆ ఈల ఒక్కటే ఉంది. కృష్ణకాంత్ గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నాకు వినపడటం లేదు నాగేంద్రా. రికార్డు బాగానే ఉంది. నేనే."

అన్నం ఎవరూ ముట్టలేదు. నాగేంద్రబాబు కారు తీశాడు, భరద్వాజ వెనక సీట్లో కృష్ణకాంత్ పక్కన కూర్చున్నాడు. గుంటూరులో తెలిసిన చెవి డాక్టరమ్మ ఉందని, ఆదివారమైనా చూస్తుందని నాగేంద్రబాబు ఎవరెవరికో ఫోన్లు చేయించాడు. దారంతా కృష్ణకాంత్ ఎడమచెవి మూసుకోవడం, తెరవడం, వేళ్ళతో కుడిచెవి దగ్గర చిటికెలు వెయ్యడం. ఒక్కసారైనా, ఒక్క చిటికైనా వినపడుతుందేమోనని. తెనాలి దాటారు. చేబ్రోలు గుళ్ళ దగ్గరికి వచ్చేసరికి, పుట్టి బుద్ధెరిగాక మొక్కు మొక్కనివాడు కళ్ళు మూసుకుని మొక్కేశాడు. చెవి ఇస్తే రికార్డులన్నీ వదిలేస్తాను స్వామీ అన్నాడు మనసులో. అని, వదిలేశాక ఆ చెవితో ఏం చేసుకుంటానని తనే అనుకుని, మొక్కు మార్చబోయి, ఏమని మార్చాలో తోచక ఏడ్చాడు. భరద్వాజ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నవాణ్ణి తను ఏమన్నాడో గుర్తొచ్చి కృష్ణకాంత్‌కి ఇంకా ఏడుపొచ్చింది.

డాక్టర్ సరోజిని గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. కుడిచెవి నరం దెబ్బతిందని, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా ఉన్నట్టుండి ఇలా అవుతుందని చెప్పింది. ఎప్పటి నుంచి అని అడిగింది. చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అప్పుడే వచ్చి ఉంటే ఎంతో కొంత తిరిగొచ్చేదేమోనండి. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"రికార్డు బాగాలేదనుకున్నానండి," అన్నాడు కృష్ణకాంత్.

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన ఏదో ఒకటి చెయ్యండమ్మా అని బతిమాలాడు. చెవిలోకి ఇంజక్షన్లు ఇప్పించుకున్నాడు. మాత్రలు మింగాడు. ఉప్పు మానమంటే మానాడు. ప్రతి పొద్దునా కళ్ళు తెరవకముందే ఎడమచెవి దిండుకి అదిమి, కుడిచెవితో కాకుల కోసం వినేవాడు. వాగ్దేవి పక్కన కూర్చుని, వినపడ్డాయా అని అడగాలనుకునేది, కానీ ఆయన మొహం చూసి మానేసేది. చెన్నై నుంచి కొత్త ముల్లు వచ్చింది. డబ్బా విప్పలేదు. ఆఖరి ఇంజక్షన్ అయ్యాక డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసి, ఇక ఇంతేనండి అంది.

ఆ తరవాతి నెల కలుసుకోవలసింది తెనాలిలో. రావద్దని కబురు పెట్టాడు. వాళ్ళిద్దరూ వినలేదు. ఈసారి క్లబ్బు పంపింది సోల్ రికార్డు, దాన్ని నాగేంద్రబాబు సంచిలోంచి బయటికైనా తియ్యలేదు. సంచిలోంచి తీసింది పాతదాన్ని, తిప్పి పంపేద్దామనుకున్న ఆ జాజ్ రికార్డుని. ఇది ఎవరిదో ఇంకా తేలలేదు మాస్టారూ, వాదన బాకీ ఉంది అన్నాడు భరద్వాజ. నాకు వాదనేం మిగిలింది, నువ్వే ఉంచుకోవయ్యా అన్నాడు కృష్ణకాంత్. నాగేంద్రబాబు వాళ్ళిద్దరి మాటా పట్టించుకోకుండా ప్లేయరు మీద గుడ్డ తీసి, కొత్త ముల్లు డబ్బా విప్పి, బిగించాడు.

భరద్వాజ వచ్చి అలవాటుగా కృష్ణకాంత్ కుడిపక్క కుర్చీలో కూర్చున్నాడు. అటునుంచి మాటలు వినపడవని గుర్తొచ్చి లేవబోయి, మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. పాట మొదలైంది. సాక్సఫోన్ వచ్చింది, స్పష్టంగా, క్రూరంగా, ఎప్పటిలాగే అందంగా. కుడివైపంతా చీకటి. వెనక్కి తిరిగితే డ్రమ్ములు వినొచ్చు, అప్పుడు సాక్సఫోన్ పోతుంది. రెండూ కలిసి ఇక ఈ జన్మకి లేవు. కృష్ణకాంత్ కుర్చీ చేతిని బిగించి పట్టుకున్నాడు. లేచి ప్లేయరు ఎత్తి రోడ్డు మీదకి విసిరెయ్యాలనిపించింది.

"ఏం చేస్తున్నాడు వాడు? ఆ డ్రమ్ముల వాడు?" అని అడిగాడు, ఎటూ చూడకుండా.

భరద్వాజ చెప్పబోయాడు. తాళం మీద పుల్ల పడటాన్ని మాటల్లో ఎలా చెప్పాలో ఏ మనిషికి తెలుసు? చివరికి చెయ్యి చాపి, కృష్ణకాంత్ కుడిభుజం మీద వేళ్ళతో తట్టడం మొదలుపెట్టాడు. మెరుపు పడ్డచోట చూపుడువేలు, కుంచె రాసుకున్నచోట అరచెయ్యి. సోల్ మనిషి చెయ్యి అది. అడుగడుక్కీ అర దెబ్బ వెనకబడుతోంది. దుప్పటి కిందనుంచి వచ్చే ఆ మసక చప్పుడుతో పోల్చుకున్నా కృష్ణకాంత్‌కి ఆ తేడా తెలిసిపోయింది. వెనకటి రోజుల్లో అయితే అక్కడికక్కడే కడిగేసేవాడు.

ఆయన మొహం చూసి భరద్వాజ, తప్పుగా కొడుతున్నానని భయపడి చెయ్యి తీసేయబోయాడు. కృష్ణకాంత్ తన ఎడమచెయ్యి అడ్డంగా తెచ్చి ఆ చేతిని భుజం మీదే అదిమి పట్టుకున్నాడు.

"సరిగ్గానే ఉంది," అన్నాడు. "ఆపకు."